తిరుపతి ఎండకూ ఘాట్ ఎక్కుడుకూ తట్టుకునే ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ ప్యాక్: లెక్క నుంచి పెట్టె మూత దాకా

ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ కట్టించుకోవాలని వచ్చేవారు ముందుగా అడిగేది ఒక ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు వస్తుందనే. ఆ ప్రశ్న సహజమైనదే, కానీ ఎన్నో చిన్న సెల్‌లను కలిపి కట్టే బ్యాటరీ ప్యాక్ రూపకల్పనను అక్కడ మొదలుపెడితే దాదాపు ప్రతి నిర్ణయమూ పక్కదారి పడుతుంది. ఆ బండి బతుకులో అన్నిటికంటే కష్టమైన గంట ఏది, ఆ గంటలో ఒక్కో సెల్ గుండా ఎన్ని ఆంపియర్లు పోతాయి, అప్పుడు పెట్టె లోపలి వేడి ఎంత అన్నవి ముందు తేలాలి. వాటికి తగ్గట్టుగా ప్యాక్‌ను కడితే కిలోమీటర్ల లెక్క వెనకాలే వస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఈ క్రమం మరీ ముఖ్యం. మే నెలలో ఇక్కడ నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. కొన్ని వైపులకు వెళితే తిరుమల, భాకరాపేట, మొగిలి ఘాట్లలో ఏదో ఒకటి ఎదురవుతుంది. చదునైన, చల్లని ఊళ్లకు రాసిన లెక్కలు ఇక్కడ యథాతథంగా పనికిరావు.

బ్యాటరీ అంటే తిరుపతి వారికి కొత్త వస్తువు కాదు. 1985లో మొదలైన అమరరాజా సంస్థ కరకంబాడిలో పెట్టిన కర్మాగారాల వల్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి తెలిసిన మనిషి దాదాపు ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆ అనుభవం విలువైనది. అయితే లెడ్ యాసిడ్ బ్యాటరీ కొద్దిపాటి అధిక ఛార్జింగును నీళ్లు ఆవిరి చేసుకుని ఓర్చుకుంటుంది. లిథియం సెల్‌కు ఆ ఓర్పు లేదు. అందువల్ల పాత చేతి అలవాట్లలో కొన్నింటిని పక్కన పెట్టి ఈ పనిలోకి రావాలి.

చట్టం సంగతి

మోటారు 30 నిమిషాల పాటు ఆగకుండా ఇవ్వగల శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ మినహా బరువు 60 కిలోలకు మించని రెండు చక్రాల బండిని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మోటారు వాహనంగా లెక్కించవు. అయినా అలాంటి బండికీ పరీక్షా సంస్థ ఆమోదం ఉండాలి. ఆ పరిధి దాటిన బండికి రిజిస్ట్రేషన్ తప్పదు, దాని బ్యాటరీ ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణానికి లోబడి ఉండాలి. 2022 వేసవిలో దేశంలో పలుచోట్ల స్కూటర్లు కాలిపోయిన తరువాత ఈ ప్రమాణాన్ని కఠినం చేశారు. సవరణల్లో మొదటి దశ 2022 డిసెంబరు 1 నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఉన్న స్కూటరులో సొంతంగా కట్టిన ప్యాక్ పెడితే బండికి ఉన్న ఆమోదం చెదురుతుంది, ప్రమాదం జరిగినప్పుడు బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. కాబట్టి పెడల్ సాయంతో నడిచే సైకిళ్లు, కళాశాల ప్రాజెక్టులు, తోటల్లోనూ ప్రాంగణాల్లోనూ తిరిగే బండ్లు, పరీక్షకు పంపదలచిన నమూనాలు తయారుచేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. బోధపడటానికి ఉదాహరణగా మాత్రం చంద్రగిరి నుంచి తిరుపతికి పూలబుట్టలు మోసే ఒక తేలికపాటి బండిని తీసుకుంటాను.

మొదటి పని: బండిని కొలవడం

కాగితం మీద లెక్క వేసే ముందు బండి వాస్తవంగా ఎంత శక్తి తింటున్నదో కొలవాలి. పాత బ్యాటరీకీ, మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే కంట్రోలర్‌కూ మధ్య ఒక వాట్ మీటరు పెట్టి, రోజూ వెళ్లే దారిలో, రోజూ మోసే బరువుతో నడిపి చూడాలి. కిలోమీటరుకు ఎన్ని వాట్-అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు వాడితే ఒక వాట్-అవర్) ఖర్చయ్యాయి, గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు లాగింది, ఆ గరిష్ఠం ఎన్ని సెకన్లు నిలిచింది అనే మూడు అంకెలు రాసుకోవాలి. టైర్లలో గాలి తగ్గితే మొదటి అంకె గణనీయంగా పెరుగుతుంది, కాబట్టి కొలిచే రోజు గాలి సరిచూసుకోవడం మరవకూడదు.

మన ఉదాహరణలో కిలోమీటరుకు 24 వాట్-అవర్లు ఖర్చవుతున్నదనుకుందాం. రానుపోనూ, ఊళ్లో తిరుగుళ్లతో కలిపి రోజుకు 45 కిలోమీటర్లు. అంటే 1,080 వాట్-అవర్లు. ప్యాక్‌ను రోజూ అడుగంటా వాడకూడదు, ఏళ్లు గడిచేకొద్దీ సామర్థ్యం తగ్గుతుంది కూడా, కాబట్టి ఈ అంకెను 0.8తో భాగిస్తే 1,350 వాట్-అవర్లు వస్తుంది. ప్యాక్ ఇంతకంటే చిన్నదిగా ఉండకూడదు.

రెండో పని: కష్టమైన గంటను లెక్కగట్టడం

అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డు సుమారు 18 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. ఈ దారిని నమూనాగా తీసుకుంటే మన ప్రాంతంలోని చాలా ఎక్కుళ్లకు లెక్క సరిపోతుంది. బండి, మనిషి, సామాను కలిపి 170 కిలోలైతే, ఆ బరువును 700 మీటర్లు పైకి చేర్చడానికే 324 వాట్-అవర్లు కావాలి. మోటారు, కంట్రోలర్ల నష్టాలు పోను 80 శాతం దక్కుతుందనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది 405. దీనికి టైర్ల రాపిడి, ఎదురుగాలి కలుపుకుంటే మొత్తం 640 వాట్-అవర్ల దగ్గర తేలుతుంది.

గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కితే ప్రయాణం 43 నిమిషాలు పడుతుంది. ఆ 43 నిమిషాల పాటూ బ్యాటరీ సుమారు 890 వాట్లు, 51 వోల్టుల ప్యాక్‌లో 17 ఆంపియర్లకు పైగా, ఆగకుండా ఇస్తూనే ఉండాలి. మలుపుల దగ్గర వాలు ఏడు శాతానికి చేరినచోట అది 27 ఆంపియర్ల దాకా పోతుంది. చదునైన రోడ్డు మీద ఇదే బండి అదే వేగంలో ఆరేడు ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. సెల్ మీద రాసిన ‘గరిష్ఠ కరెంటు’ కొన్ని సెకన్లదా, నిరంతరంగా ఇవ్వగలిగినదా అన్న తేడా ఇక్కడే బయటపడుతుంది. ఎప్పుడూ నిరంతర అంకెనే తీసుకోవాలి, అందులోనూ సగానికి మించి అడగకుండా ప్యాక్‌ను కట్టాలి. 250 వాట్ల మోటారు ఈ ఎక్కుడుకు చాలదని కూడా ఈ లెక్కే చెబుతుంది. ఎంత పెద్ద బ్యాటరీ పెట్టినా ఆ లోటు తీరదు, మోటారు చుట్టలు మాడిపోతాయి.

మూడో పని: రసాయనాన్ని ఎంచుకోవడం

మార్కెట్లో మనకు దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ సెల్ సాధారణ వోల్టేజి 3.6, నిండినప్పుడు 4.2. లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్‌ఎఫ్‌పీ సెల్ సాధారణ వోల్టేజి 3.2, నిండినప్పుడు 3.65. ఎన్‌ఎంసీ తేలిక, చోటు తక్కువ తీసుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ బరువెక్కువ, కానీ వేడికి నిలకడగా ఉంటుంది. దాని నిర్మాణంలో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌తో గట్టిగా ముడిపడి ఉండటంవల్ల సెల్ దెబ్బతిన్నా ఆ ఆక్సిజన్ సులువుగా విడుదల కాదు. ఎన్‌ఎంసీ అదుపు తప్పితే లోపలి నుంచే ఆక్సిజన్ వదిలి మంటను తానే పోషించుకుంటుంది. ఎల్‌ఎఫ్‌పీ అసలు కాలదని చెప్పేవారి మాట మాత్రం నమ్మకూడదు. దాని నుంచి వెలువడే వాయువులూ మండేవే.

తిరుపతి ఎండలో సీటు కింద పెట్టెలో ఉండే ప్యాక్‌కు ఎల్‌ఎఫ్‌పీనే ఎంచుకోవాలన్నది నా దృఢమైన అభిప్రాయం. బస్టాండు దగ్గరో ఏ చెట్టూ లేని పార్కింగులోనో మధ్యాహ్నమంతా నిలబెట్టిన బండి పెట్టె లోపల బయటి ఎండకంటే ఎక్కువ వేడి ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే సెల్ లోపలి క్షీణత సుమారు రెట్టింపవుతుందనే మోటు లెక్క ఒకటి ఈ రంగంలో వాడుకలో ఉంది. ఆ దెబ్బను ఎల్‌ఎఫ్‌పీ మెరుగ్గా తట్టుకుంటుంది, ఛార్జి చక్రాలు కూడా ఎక్కువ ఇస్తుంది. ఇక సైకిలు ఫ్రేములో ఇమడాల్సిన చిన్న ప్యాక్ అయితే బరువు, చోటు రెండూ కొరతే కాబట్టి ఎన్‌ఎంసీ తప్పకపోవచ్చు. అప్పుడు ప్యాక్ విడదీసి నీడకు తీసుకుపోగలిగేలా ఉండాలి.

నాలుగో పని: ఎన్ని సిరీస్, ఎన్ని ప్యారలల్

సెల్‌లను ఒకదాని వెనుక ఒకటి, అంటే సిరీస్‌లో కలిపితే వోల్టేజి పెరుగుతుంది. పక్కపక్కన, అంటే ప్యారలల్‌లో కలిపితే సామర్థ్యమూ కరెంటూ పెరుగుతాయి. మన బండి కంట్రోలర్ 48 వోల్టులది. ఎల్‌ఎఫ్‌పీలో 16 సిరీస్ పెడితే సాధారణ వోల్టేజి 51.2, నిండినప్పుడు 58.4 వస్తుంది. 48 వోల్టుల కంట్రోలర్లు చాలావరకు 42 వోల్టుల దగ్గర ఆగిపోతాయి. అప్పటికి ఒక్కో సెల్ 2.6 వోల్టుల దగ్గర ఉంటుంది కనుక ప్యాక్ అడుగంటకముందే బండి ఆగుతుంది. అయితే కొనే ముందు కంట్రోలర్ లోపలి కెపాసిటర్ల మీద రాసిన వోల్టేజిని తప్పక చూడాలి. అక్కడ 63 అని ఉంటే 58.4 వోల్టులకు మిగిలే వెసులుబాటు చాలా తక్కువ.

1,350 వాట్-అవర్లను 51.2తో భాగిస్తే 26.4 ఆంపియర్-అవర్లు. 32 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు ఉండే 32700 సెల్ ఒక్కొక్కటి 6 ఆంపియర్-అవర్లు కాబట్టి నాలుగు ప్యారలల్ చాలవు, ఐదు కావాలి. 16ఎస్ 5పీ, అంటే 16 సిరీస్, 5 ప్యారలల్: 80 సెల్‌లు, 30 ఆంపియర్-అవర్లు, 1,536 వాట్-అవర్లు. కొన్నేళ్ల తరువాత సామర్థ్యం 80 శాతానికి పడిపోయినా 1,229 మిగులుతుంది. రోజుకు కావలసినది 1,080 కనుక పూల వ్యాపారం ఆగదు. ఘాట్‌లో 27 ఆంపియర్లు లాగినప్పుడు ఒక్కో సెల్ వాటా 5.4 ఆంపియర్లు. నిరంతరంగా కనీసం 12 ఆంపియర్లు ఇవ్వగల సెల్ తీసుకుంటే మనం పెట్టుకున్న సగం నియమం నిలుస్తుంది.

ఇదే ప్యాక్ ఎన్‌ఎంసీతో కడితే 5 ఆంపియర్-అవర్ల 21700 సెల్‌లు 14ఎస్ 6పీగా 84 పడతాయి. వాటి బరువు ఆరు కిలోల లోపే. ఎల్‌ఎఫ్‌పీ 80 సెల్‌లు పదకొండున్నర కిలోలకు పైమాటే. ఈ ఐదారు కిలోల అదనపు బరువును నేను ఈ వేడి ప్రాంతంలో సంతోషంగా మోస్తాను.

సామర్థ్యం చూసి మోసపోకూడదనడానికి ఒక ఉదాహరణ చెప్పాలి. 21700 సెల్‌లలో శామ్‌సంగ్ 50ఈ సామర్థ్యం 5 ఆంపియర్-అవర్లు, నిరంతర కరెంటు 9.8 ఆంపియర్లు. అదే పరిమాణంలో మోలిసెల్ పీ42ఏ సామర్థ్యం 4.2 మాత్రమే, కానీ 45 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. బయటకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి దూరానికి, మరొకటి బలానికి.

ఐదో పని: సెల్‌లు కొనడం, జత కుదర్చడం

ఒకే తయారీదారు, ఒకే మోడల్, ఒకే బ్యాచ్ సెల్‌లే కొనాలి. 18650 సెల్ మీద 5,000 మిల్లీ ఆంపియర్-అవర్లు, ఆపైన రాసి ఉంటే దాన్ని ముట్టుకోకుండానే పక్కన పెట్టవచ్చు. పేరున్న తయారీదారుల సెల్‌లలో ఆ పరిమాణానికి మామూలుగా దొరికేది 3,500 దాకానే. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్‌లు టార్చిలైటుకు పనికొస్తాయేమో గాని మనిషి కూర్చునే బండికి వద్దు.

వచ్చిన ప్రతి సెల్‌కూ ఒక నంబరు రాసి, వోల్టేజినీ అంతర్గత నిరోధాన్నీ కొలిచి పట్టికలో నమోదు చేయాలి. మామూలు మల్టీమీటరు ఇంత చిన్న అంతర్గత నిరోధాన్ని కొలవలేదు. దానికి నాలుగు తీగల మీటరు కావాలి. 32700 సెల్‌లు సాధారణంగా 10 మిల్లీ ఓముల లోపు చూపిస్తాయి. మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువ చూపించినవాటిని తిప్పి పంపాలి. ఆ తరువాత అన్నిటినీ రెండు వారాలు కదపకుండా ఉంచి మళ్లీ వోల్టేజి చూడాలి. తోటివాటికంటే ఎక్కువ దిగజారిన సెల్ లోపల ఏదో లోపం ఉన్నట్టే. ఈ రెండు వారాల ఎదురుచూపును దాటవేసేవారే ఎక్కువ, కానీ బలహీనమైన సెల్‌ను ఇంత చౌకగా పట్టిచ్చే పరీక్ష ఇంకొకటి లేదు. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజి రేఖ మధ్యలో దాదాపు చదునుగా ఉంటుంది కనుక 3.30 వోల్టులు చూపించే రెండు సెల్‌లలో ఒకటి 50 శాతం, మరొకటి 65 శాతం నిండి ఉండవచ్చు. అందువల్ల కలిపే ముందు అన్ని సెల్‌లనూ 3.65 వోల్టుల దాకా విడిగా నింపి ఒకే స్థాయికి తేవడం మంచిది.

ఆరో పని: అమరిక, అతుకులు

80 సెల్‌లను ఎనిమిది వరుసల్లో, వరుసకు పది చొప్పున ప్లాస్టిక్ హోల్డర్లలో పేరిస్తే సుమారు 27 సెంటీమీటర్లు వెడల్పు, 34 సెంటీమీటర్లు పొడవు వస్తుంది. ప్రతి వరుసలో ప్యారలల్‌గా కలిసే ఐదేసి సెల్‌ల గుంపులు రెండు ఇముడుతాయి. ఇప్పుడు 1 నుంచి 16 వరకు గుంపులను ఏ క్రమంలో పెట్టాలన్నది జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. ఎడమ వైపు 1 నుంచి 8 వరకు దిగి, కుడి వైపు 9 నుంచి 16 వరకు ఎక్కితే చూడటానికి బాగుంటుంది, ప్లస్, మైనస్ తీగలు కూడా ఒకే చివరకు వస్తాయి. కానీ అప్పుడు మొదటి గుంపు, పదహారో గుంపు ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి. వాటి మధ్య తేడా 50 వోల్టులు. కుదుపులకు హోల్డర్ అరిగి అక్కడ రెండూ తాకితే ప్యాక్ మొత్తం షార్ట్ అవుతుంది. దానికి బదులు మొదటి వరుసలో 1, 2, రెండో వరుసలో 4, 3, మూడో వరుసలో 5, 6 అన్నట్టు మెలికలుగా దిగితే పక్కపక్క గుంపుల మధ్య తేడా పదిహేను వోల్టులు దాటదు. ఒక తీగ కొంచెం పొడవు పెరుగుతుంది, అంతే.

సెల్ ప్లస్ చివరను దగ్గరగా చూస్తే, మధ్యలోని బొడిపె చుట్టూ సన్నని ప్లాస్టిక్ పొర, దాని వెనుకే డబ్బా అంచు కనిపిస్తాయి. ఆ డబ్బా అంతా మైనస్. అంటే ప్లస్ బొడిపెకూ మైనస్ అంచుకూ మధ్య ఎడం ఒకటి రెండు మిల్లీమీటర్లే. దాని మీదుగా నికెల్ పట్టీ పోతుంది. పైపొర చిరిగితే ఆ పట్టీయే షార్ట్. అందుకే ప్రతి ప్లస్ చివరకూ ఫిష్ పేపర్ అనే, కరెంటును ఆపే గట్టి కాగితపు రింగు అతికించిన తరువాతే సెల్‌ను హోల్డర్‌లో పెట్టాలి. 80 రింగులు అతికించడం విసుగు పుట్టించే పని, అయినా ఒక్కటి కూడా వదలకూడదు.

పట్టీ స్వచ్ఛమైన నికెల్‌దే కావాలి. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ దాని నిరోధం సుమారు రెట్టింపు, పైగా తుప్పు పడుతుంది. ఒక ముక్కను ఆకురాయితో గీరి ఉప్పునీళ్లలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఎర్రగా మారేది ఇనుము. 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న నికెల్ పట్టీ మీద ఐదారు ఆంపియర్లకు మించి నడపకపోవడం మేలు. ఒక వరుసలోని గుంపు నుంచి కింది వరుసలోని గుంపుకు ఐదు సెల్‌లకు ఐదు పట్టీలు నేరుగా పోతాయి కనుక 27 ఆంపియర్లు ఐదు దారుల్లో పంచుకుంటాయి, సరిపోతుంది. ఒకే వరుసలోని రెండు గుంపుల మధ్య మొత్తం కరెంటు ఒక్కచోటే దాటాలి కనుక అక్కడ పది సెల్‌ల పొడవునా రాగి పట్టీ వేయాలి. తొలి, చివరి గుంపుల దగ్గర మాత్రం మూల సెల్ నుంచి ఒక్క తీగ లాగితే మొత్తం కరెంటు ఆ మూలకే పరుగెత్తుతుంది, ఆ సెల్ ముందుగా ముసలిదవుతుంది. అక్కడ ఐదు సెల్‌ల పొడవునా రాగి పట్టీ వేసి దాని మధ్య నుంచి తీగ తీయాలి.

అతుకు స్పాట్ వెల్డింగ్‌తోనే వేయాలి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి సీలు, పొరలు దెబ్బతింటాయి. సెల్ పాడైన సంగతి ఆ రోజు తెలియదు, నెలల తరువాత తెలుస్తుంది. మొదట పనికిరాని సెల్ మీద వెల్డ్ వేసి పట్టీని పట్టుకారుతో పీకి చూడాలి. చుక్కల దగ్గర పట్టీ చిరిగి, చిన్న ముక్కలు సెల్‌కే అంటుకుని మిగిలితే వెల్డ్ గట్టిది. పట్టీ శుభ్రంగా ఊడి వస్తే బలం చాలలేదు. మర చివరలున్న 32700 సెల్‌లు దొరికితే రాగి పట్టీలను నట్లతో బిగించవచ్చు, రేపు ఒక సెల్ మార్చడమూ సులువు. అలాంటప్పుడు కుదుపుకు నట్లు వదులు కాకుండా స్ప్రింగ్ వాషర్లు తప్పనిసరి.

పని చేసేటప్పుడు ఉంగరం, గడియారం, మెడ గొలుసు తీసేయాలి. పనిముట్ల పిడులకు టేపు చుట్టాలి. సగం కట్టిన ప్యాక్ కూడా నిండు ప్యాక్ అంత ప్రమాదకరమే, దాన్ని ఆపే స్విచ్ ఏదీ లేదు.

ఏడో పని: బీఎంఎస్, ఫ్యూజు

బీఎంఎస్, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనే సర్క్యూట్ బోర్డు, ప్రతి గుంపు వోల్టేజినీ విడివిడిగా గమనిస్తూ, ఏ ఒక్కటి 3.65 దాటినా ఛార్జింగును, ఏ ఒక్కటి 2.5 కంటే తగ్గినా వాడకాన్ని ఆపేసే కాపలా. ఎల్‌ఎఫ్‌పీ కోసమే తయారైన 16ఎస్ బీఎంఎస్ కొనాలి, ఎన్‌ఎంసీది పెడితే 4.2 వోల్టుల దాకా ఊరుకుంటుంది. మన 27 ఆంపియర్ల అవసరానికి నిరంతరంగా 40 ఆంపియర్లు మోయగలది చాలు. దాని ఉష్ణ సెన్సర్ తీగను చాలామంది పెట్టె అంచున ఎక్కడో వదిలేస్తారు. అది ప్యాక్ నడిబొడ్డున, చుట్టూ సెల్‌లున్నచోట అంటించాలి, ఎందుకంటే అన్నిటికంటే వేడెక్కేది అక్కడే.

ఒక్కో గుంపు వోల్టేజిని బీఎంఎస్‌కు చేరవేసే సన్నని సెన్స్ తీగల వరుస తప్పడమే అన్నిటికంటే ఎక్కువ బీఎంఎస్‌లను కాల్చేస్తుంది. తీగలన్నీ కలిపాక కనెక్టర్‌ను బీఎంఎస్‌లో గుచ్చకుండా, మల్టీమీటరు నల్ల మొనను మొదటి పిన్ను మీద ఉంచి ఎర్ర మొనను ఒక్కో పిన్నుకూ జరుపుతూ పోవాలి. 3.3, 6.6, 9.9 అని మెట్టుమెట్టుగా పెరిగి చివర 52.8 దగ్గర ఆగాలి. ఎక్కడైనా అంకె తగ్గినా, రెండు మెట్లు ఒకేసారి ఎగిరినా తీగ తారుమారైనట్టే. వరుస సరిగా ఉందని తేలాక ముందు లావు మైనస్ తీగను బీఎంఎస్‌కు బిగించి, ఆ తరువాతే కనెక్టర్ గుచ్చాలి. విప్పేటప్పుడు కనెక్టర్ ముందు, లావు తీగ తరువాత.

బీఎంఎస్ ఉంది కదా అని ఫ్యూజు మానకూడదు. బీఎంఎస్‌లో స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్‌లు చెడిపోయినప్పుడు చాలాసార్లు షార్ట్ అయ్యే చెడిపోతాయి, అంటే తలుపు తెరుచుకునే ఉండిపోతుంది. అప్పుడు మిగిలిన ఏకైక రక్షణ ఫ్యూజే. ఆటో స్పేర్ల దుకాణాల్లో దొరికే రంగుల బ్లేడ్ ఫ్యూజులు 32 వోల్టుల డీసీకి తయారైనవి. 58 వోల్టుల దగ్గర అవి తెగినా మధ్యలో ఆర్క్ మండుతూనే ఉండవచ్చు. 58.4 వోల్టులు లేదా అంతకు మించిన డీసీకి తగినదని రాసి ఉన్న 40 ఆంపియర్ల ఫ్యూజును ప్యాక్ ప్లస్ చివరకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పెట్టాలి. ప్రధాన తీగలు 6 చదరపు మిల్లీమీటర్ల సిలికాన్ తీగలైతే నిశ్చింత. కంట్రోలర్ కెపాసిటర్లు నిండేటప్పుడు వచ్చే నిప్పురవ్వను ఆపడానికి ఎక్స్‌టీ90-ఎస్ రకం కనెక్టర్ వాడాలి.

కొండ దిగేటప్పుడు బ్రేకు పడితే మోటారే జనరేటరై బ్యాటరీని నింపే ఏర్పాటు ఉన్న బండ్లకు మరో మాట. తిరుమలలో ప్యాక్ పూర్తిగా నింపుకుని దిగడం మొదలుపెడితే లోపలికి వచ్చే కరెంటుకు చోటుండదు. వోల్టేజి 58.4 దాటగానే బీఎంఎస్ ఛార్జింగు ఆపుతుంది, ఆ క్షణమే మోటారు బ్రేకు మాయమవుతుంది. అది మలుపు మధ్యలో జరగవచ్చు. కొండ మీద ఛార్జింగును 80 శాతం దగ్గర ఆపాలి, మామూలు బ్రేకులు ఒంటరిగానే బండిని నిలబెట్టగలగాలి. ఛార్జింగుకూ వాడకానికీ వేర్వేరు తీగలుండే బీఎంఎస్ ఇలాంటి బండికి పనికిరాదు. మోటారు నుంచి తిరిగొచ్చే కరెంటు వాడక తీగ గుండా లోపలికి పోతుంది కాబట్టి అధిక ఛార్జింగు రక్షణకు అది దొరకదు.

ఎనిమిదో పని: పెట్టె

ఎండతో పాటు మనకు ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంది. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో వాహనాలు నీట మునిగిన దృశ్యాలు ఇంకా చాలామందికి గుర్తే. పెట్టెకు రబ్బరు గ్యాస్కెట్, తీగలు వచ్చేచోట కేబుల్ గ్లాండ్‌లు ఉండాలి. అయితే పూర్తిగా ఊపిరాడకుండా మూసేయడమూ తప్పే. సెల్ దెబ్బతిని వాయువు వదిలితే అది పోయే దారి లేక పెట్టె పేలుతుంది. నీటిని ఆపి గాలిని వదిలే పొర ఉన్న వెంట్ వాల్వ్ ఒకటి, కూర్చున్నవారి కాళ్ల వైపు కాకుండా కిందికో వెనక్కో తిరిగి ఉండేలా బిగించాలి. అల్యూమినియం పెట్టె వేడిని బాగా బయటకు పంపుతుంది. దాని లోపలి గోడలన్నిటికీ గాజు ఎపాక్సీ షీటు పరచాలి. సెల్‌లు కదలకూడదు, పెట్టె మాత్రం రబ్బరు దిమ్మల మీద కూర్చోవాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు సెల్‌ల లోపల పుట్టే వేడి లెక్క వేస్తే ఆశ్చర్యంగా తక్కువే. 8 మిల్లీ ఓముల సెల్‌లో 5.4 ఆంపియర్లకు పావు వాటు కూడా పుట్టదు, 80కి కలిపి 19 వాట్ల లోపే. ఐదు ప్యారలల్ పెట్టడం వల్ల దక్కిన మేలు ఇదే. అదే మూడు ప్యారలల్‌తో కట్టి ఉంటే ఇదే ఎక్కుడుకు 31 వాట్లు దాటి, అది ఇంకా చిన్న పెట్టెలో ఇరుక్కునేది.

తొమ్మిదో పని: ఛార్జరు

పాత లెడ్ యాసిడ్ ఛార్జరును వాడకూడదు. అంకెలు దగ్గరగా కనిపించినా కొన్నింటిలో అధిక వోల్టేజి పల్సులు ఉంటాయి, నిండిన తరువాత కూడా కరెంటు తోస్తూనే ఉంటాయి. 58.4 వోల్టుల ఎల్‌ఎఫ్‌పీ ఛార్జరు, 6 ఆంపియర్లది తీసుకుంటే ఖాళీ ప్యాక్ ఐదు గంటల పైచిలుకులో నిండుతుంది. కొన్న వెంటనే మల్టీమీటరుతో దాని వోల్టేజి సరిచూడాలి. సెల్ 45 డిగ్రీలు దాటి ఉన్నప్పుడు ఛార్జింగు వద్దు. మధ్యాహ్నం ఎండలో తిరిగి రాగానే ప్లగ్గు పెట్టకుండా సాయంత్రం చల్లబడేదాకా ఆగాలి. పడక గదిలోనూ, గుమ్మానికి అడ్డంగానూ, మెట్ల కిందా ఛార్జింగు పెట్టకూడదు.

పదో పని: పరీక్ష

పెట్టె మూసే ముందు తొలి ఛార్జింగు పూర్తయ్యేదాకా మనిషి దగ్గరే ఉండాలి. చివరి అరగంటలో గుంపుల వోల్టేజిలను పోల్చి చూడాలి. బీఎంఎస్ సమం చేసే కరెంటు మిల్లీ ఆంపియర్లలోనే ఉంటుంది కాబట్టి తొలిసారి సమం కావడానికి గంటలు పట్టవచ్చు, తొందరపడకూడదు.

సామర్థ్య పరీక్షకు ఖరీదైన యంత్రం లేకపోయినా పరవాలేదు. 1,500 వాట్ల నీళ్ల హీటర్ రాడ్లు నాలుగింటిని ప్యారలల్‌గా కలిపి, పెద్ద డ్రమ్ములో నీళ్లు పోసి ముంచితే, 51 వోల్టుల దగ్గర ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్ల లోపే తీసుకుని మొత్తం 5.8 ఆంపియర్ల లోడు అవుతాయి. మధ్యలో వాట్ మీటరు పెడితే ఐదు గంటల చిల్లరలో ప్యాక్ ఖాళీ అవుతుంది, ఎన్ని ఆంపియర్-అవర్లు ఇచ్చిందో తెలుస్తుంది. 30కి 29 వచ్చినా సంతోషించవచ్చు. 26 దగ్గరే ఆగిపోతే ఏ గుంపు ముందుగా 2.5కు పడిందో చూసి, ఆ గుంపును విప్పి వెతకాలి. ఆ తరువాతే బండిలో పెట్టి, మొదట చదునైన దారిలో, ఆపైన చిన్న ఎక్కుడులో, మధ్య సెన్సర్ అంకెను చూస్తూ నడపాలి. పెట్టె గోడకూ ప్లస్, మైనస్ చివరలకూ మధ్య మల్టీమీటరు ఏ వోల్టేజీ చూపకూడదు. చూపితే ఎక్కడో పొర చిరిగింది, నడపకూడదు.

వాడకంలో

బండిని వారాల తరబడి వాడకపోతే ప్యాక్‌ను సగం నింపి నీడపట్టున ఉంచాలి. ఎల్‌ఎఫ్‌పీని పదిహేను రోజులకోసారైనా పూర్తిగా నింపితే బీఎంఎస్ గుంపులను సమం చేసుకోగలుగుతుంది. నీట మునిగిన ప్యాక్ ఆరినట్టు కనిపించినా ఛార్జింగు పెట్టకూడదు. ఇంటికి దూరంగా, ఆరుబయట ఉంచాలి. పెట్టె నుంచి తియ్యటి ఘాటు వాసన, బుసబుసమనే చప్పుడు, తెల్లటి పొగ వస్తే మనుషులను దూరం పంపి 101కి ఫోను చేయాలి. పొడి చల్లే సిలిండరు మంటను అణచినా సెల్‌లను చల్లార్చలేదు. చల్లార్చగలిగేది ధారాళంగా పోసే నీళ్లే.

సామర్థ్యం బాగా పడిపోయిన ప్యాక్‌ను పాత సామాన్లవాడికి వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం దాన్ని సేకరణ కేంద్రానికి గాని, అధికారికంగా నమోదైన రీసైక్లర్‌కు గాని అప్పగించాలి. అప్పగించే ముందు అదే రాడ్ల లోడుతో బీఎంఎస్ ఆపేదాకా ఖాళీ చేసి, తీగల చివరలను విడివిడిగా టేపుతో చుట్టి, సెల్ రకమూ సిరీస్, ప్యారలల్ అంకెలూ పెట్టె మీద రాసి పంపితే విప్పేవారి చేతులకు ప్రమాదం తగ్గుతుంది.